చెరువుకు ఆరు దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్లలో రాతిపలకల మీద ఒక సంస్కృత శాసనం ఉంది. 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ కట్టించిన చెరువు సంగతులు అందులో ఉన్నాయి. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని.

ఇంతే అయితే మరో రాజుగారి గొప్ప అనుకుని వదిలేయవచ్చు. కానీ మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా ఆ శాసనం చెబుతుంది. గట్టి నేల, తీపినీటి ఏరు, చేరువలో రాతిగని, పనితనం తెలిసిన మనుషులు: ఇవన్నీ కట్టేవాడికి పనికొచ్చే మాటలే. వీటన్నిటి కన్నా ముందు మాత్రం ధర్మం తెలిసిన, సంపద కలిగిన, కీర్తి కోరుకునే రాజు ఉండాలట. కీర్తికాంక్షను కూడా నిర్మాణ సామగ్రిలో కలిపేసినవాడికి లోకం బాగానే తెలుసు.

దోషాల జాబితా ఇంకా పదునైనది. కట్టలోంచి నీళ్లు ఊరడం, నేల చవుడు కావడం, చెరువు నడుమ దిబ్బ ఉండటం సరే. నీళ్లు కొంచెమై పొలం ఎక్కువ కావడం ఒక దోషం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం ఇంకొకటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమే! తూముకు, అలుగుకు దీనితో పనిలేదు. కట్ట తెగితే ఎవరు పూడ్చాలి, నీళ్లు ముందు ఎవరికి అన్న తగాదాలే రాసినవాడి మనసులో ఉండి ఉంటాయి.

ఆ తగాదాలను ఆపడానికే ఊళ్లలో ఏర్పాట్లు ఉండేవి. చెరువు కట్టించి బాగు చూసుకునేవారికి దశబంధం అనే మాన్యం దక్కేది. తూము తీసి మడికి నీళ్లు పారించే పని నీరుగంటిది. తెలంగాణలో ఆయన్నే నీరటి అంటారు. కూలి కల్లం దగ్గర ధాన్యంగానో, మాన్యంగానో ముట్టేది. చాలాచోట్ల ఈ పని దళితులదే. ఆయకట్టులో సొంత పొలం లేనివాడైతే పక్షపాతం చూపడన్నది ఊరి తర్కం. అంటే నీళ్లు న్యాయంగా పంచగలిగే అర్హత అక్కడ సొంత భూమి లేకపోవడం వల్ల వచ్చిందన్నమాట. పెద్దరైతు మడికి నీళ్లు ఎప్పుడు పారాలో చెప్పే మనిషికి ఆ రైతు ఇంటి గడప దాటే హక్కు ఉండేది కాదు.

ఇంగ్లీషువాళ్ల కాలానికి ఈ కట్టుబాట్లు సడలాయి. ఊరంతా కలిసి చెరువు బాగుచేసే ఆనవాయితీని నిలబెట్టడానికి మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏకంగా చట్టమే చేశారు, రానివారికి జరిమానాలతో సహా. సిస్తు పెంపు మీద ఉన్న శ్రద్ధ మరమ్మతు ఖర్చు మీద లేని సర్కారు, ఆ బరువును ఊరి నెత్తినే ఉంచాలని చూసిందనుకోవాలి.

1997లో ఆంధ్రప్రదేశ్ నీటి వినియోగదారుల సంఘాల కోసం చట్టం తెచ్చింది. నిర్వహణ మళ్లీ రైతుల చేతికే. అయితే ఓటు మాత్రం ఆయకట్టులో పొలం చేతిలో ఉన్నవారికే. చేపలు పట్టేవారు, బట్టలు ఉతికేవారు, గొర్రెలను నీళ్లకు తోలుకొచ్చేవారు అదే చెరువు మీద బతుకుతున్నా, వాళ్లకు ఓటు లేదు.

2015లో తెలంగాణ మిషన్ కాకతీయ పథకం మొదలుపెట్టి సుమారు 46,000 చెరువుల పూడిక తీయాలనుకుంది. తవ్వకం ఖర్చు సర్కారుది, మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ట్రాక్టరు కిరాయి పెట్టుకోగలిగినవారి చేలకు ఒండ్రు చేరింది. చేను లేనివారికి అందులో వాటా అన్న మాటే లేదు.