ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థానిక బృందాలు

తాగుడు మానాలనుకునేవారు తమ ఊళ్లోనో పేటలోనో వారం వారం కలుసుకుని, ఒకరికొకరు ఆసరాగా నిలిచే స్వచ్ఛంద బృందాలివి. సభ్యులు క్లుప్తంగా ఎ.ఎ. అంటారు. 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ నగరంలో మొదలై సుమారు 180 దేశాలకు వ్యాపించాయి. మానాలనుకునే మనిషికి, అప్పటికే మానిన మనిషి ఎక్కడ దొరుకుతాడన్న ప్రశ్న చుట్టూనే వీటి చరిత్ర నడిచింది.

తాగుబోతుల పరస్పర సహాయం అంతకుముందు లేనిది కాదు. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుడు మానతామని ప్రమాణం చేసి వాషింగ్టోనియన్ ఉద్యమాన్ని ప్రారంభించారు. వేలమంది చేరారు. మద్యనిషేధం, రాజకీయాల గొడవల్లో చిక్కుకుని అది కొన్నేళ్లకే చెదిరిపోయింది. బయటి వివాదాల్లో ఏ పక్షమూ వహించకూడదని ఎ.ఎ. తర్వాత గట్టిగా నియమం పెట్టుకోవడానికి ఈ అనుభవం కూడా కారణం.

న్యూయార్క్ షేర్ మార్కెట్లో పనిచేసిన బిల్ విల్సన్ తాగుడు వల్ల ఉద్యోగమూ పరువూ పోగొట్టుకున్నాడు. 1934 డిసెంబరులో టౌన్స్ ఆసుపత్రిలో చేరాడు. తాగుడు నైతిక లోపం కాదు, జబ్బు అని అక్కడి డాక్టర్ సిల్క్‌వర్త్ అతనికి చెప్పాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందంలో చేరి తాగుడు మానిన పాత మిత్రుడు ఎబీ థాచర్ కూడా అండగా నిలిచాడు. బయటికొచ్చాక బిల్ నెలల తరబడి తాగుబోతుల వెంటపడి బోధించాడు. ఒక్కరూ మానలేదు. అయితే ఆ నెలల్లో అతను మాత్రం చుక్క ముట్టలేదు.

1935 మే నెలలో వ్యాపార పనిమీద ఆక్రన్ వెళ్లాడు. పని చెడింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒకవైపు బారు, మరోవైపు టెలిఫోన్. తాగేస్తానేమోనన్న భయంతో, మాట్లాడటానికి మరో తాగుబోతు కావాలని ఒక చర్చి పాస్టరుకు ఫోన్ చేశాడు. ఆయన ఇచ్చిన పేర్ల ద్వారా హెన్రియెటా సైబర్లింగ్ దొరికింది. ఆమె మే 12న డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను పరిచయం చేసింది. పావుగంట కూర్చుంటానని వచ్చిన బాబ్ గంటల తరబడి ఉండిపోయాడు. అతను వినని వైద్య సలహా లేదు. తనలాగే తాగి చెడిన మనిషి తన కథ చెప్పుకోవడం మాత్రం అతనికి కొత్త. బాబ్ చివరిసారి తాగిన జూన్ 10నే ఎ.ఎ. స్థాపన దినంగా జరుపుకుంటారు. ఇద్దరూ కలిసి ఆసుపత్రికి ఫోన్ చేసి ఇంకో రోగిని వెతికారు. అలా బిల్ డాట్సన్ అనే లాయరు మూడో సభ్యుడయ్యాడు.

1939 ఏప్రిల్‌లో, దాదాపు వందమంది అనుభవంతో, తాగుడు మానడానికి పన్నెండు మెట్లను వివరించే పుస్తకం వెలువడింది. బృందం పేరు కూడా ఆ పుస్తకానిదే. అదే ఏడాది క్లీవ్‌లాండ్ దినపత్రిక ఒకటి వరుస వ్యాసాలు వేస్తే, గుప్పెడు సభ్యుల మీద వందల అభ్యర్థనలు వచ్చిపడ్డాయి. కొత్తగా వచ్చినవారికి తోడుగా ఒక పాత సభ్యుణ్ణి అప్పగించే ‘స్పాన్సర్’ పద్ధతి ఆ ఒత్తిడిలోనే రూపుదిద్దుకుంది. 1941 మార్చిలో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో వచ్చిన వ్యాసంతో, ఏడాది తిరిగేసరికి సభ్యులు రెండు వేల నుంచి ఎనిమిది వేలకు పెరిగారు.

1946లో ప్రచురించి 1950లో ఆమోదించిన పన్నెండు సంప్రదాయాలు ఈ బృందాలను నిలబెట్టాయి. చేరడానికి మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఫీజు లేదు, బయటివారి విరాళాలు తీసుకోరు. పేరు గోప్యం. 1951లో భార్యాబిడ్డలూ బంధువుల కోసం అల్-అనాన్ వచ్చింది. ఎ.ఎ. మెట్లలోని దైవప్రస్తావన నచ్చనివారికి 1994లో ఏర్పడిన స్మార్ట్ రికవరీ వంటివి ఉన్నాయి. 27 అధ్యయనాలను పరిశీలించిన 2020 కాక్రేన్ సమీక్ష, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఎ.ఎ. మార్గం ఇతర చికిత్సలతో సమానంగానో మెరుగ్గానో పనిచేస్తుందని తేల్చింది.

భారతదేశంలో ఎ.ఎ. 1957లో మొదలైంది. హైదరాబాద్, సికింద్రాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో మీటింగులు జరుగుతాయి. తెలుగునాట తాగుడు మీద సాగిన పెద్ద పోరాటం మాత్రం వేరే దారిలో నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా కొట్లు మూయించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ స్త్రీల తెగువ చరిత్రలో నిలిచిపోయేదే. కానీ మానిన మనిషి మళ్లీ జారకుండా సాయంత్రం వెళ్లి కూర్చునే చోటు చట్టంతో రాలేదు. పల్లెల్లో ఆ లోటు ఇప్పటికీ ఉంది.

ఎ.ఎ. మీటింగులు రెండు రకాలు. ఓపెన్ మీటింగుకు కుటుంబ సభ్యులూ రావచ్చు, క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికే. మొదటిరోజే మాట్లాడాలన్న నిబంధన లేదు. ఏళ్లుగా రోజూ బాగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు, ప్రాణాపాయం రావచ్చు కాబట్టి ముందు డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ నంబరు 14446, కాల్ ఉచితం. దగ్గర్లోని చికిత్సా కేంద్రం వివరాలు అక్కడ అడగవచ్చు.