పౌరుడు, కాపురస్తుడు

పురంలో ఉండేవాడు పౌరుడు. సంస్కృతంలో ఈ మాట పుట్టింది పట్టణవాసి అన్న అర్థంతోనే. దేశం, పాస్‌పోర్టు ఆ తర్వాత వచ్చి చేరాయి.

ఆ పాత అర్థాన్ని మన దస్తావేజుల్లో ఇప్పటికీ మోస్తున్న మాట కాపురస్తుడు. తండ్రి పేరు రాశాక ‘కావలి మండలం, తుమ్మలపెంట గ్రామ కాపురస్తులు’ అని రాస్తారు. పొయ్యి వెలిగే ఊరే మనిషి చిరునామా. ఎంత మంచి మాట!

హైదరాబాదు సంస్థానంలో ఇలాంటిదే ముల్కీ, అంటే స్థానికుడు, అన్న మాట ఉండేది. అరబ్బీలో ముల్క్ అంటే రాజ్యం. 1919 నాటి నిజాం నిబంధనల ప్రకారం, బయటివాడైనా 15 ఏళ్లు స్థిరంగా ఉండి, సొంత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం ఇస్తే ముల్కీ కావచ్చు. ఆ నిబంధనల మీదే 1969లో, 1972లో పెద్ద ఉద్యమాలు నడిచాయి.

ఇక యూరప్‌లో చూస్తే, 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందం సభ్యదేశాల పౌరసత్వాల పైన యూరోపియన్ యూనియన్ పౌరసత్వాన్ని నిలబెట్టింది. అయితే కాపురాన్ని బట్టి కాదు, సభ్యదేశపు జాతీయత ఉన్నవాళ్లకే అది దక్కుతుంది. జర్మనీలో పదేళ్లుగా పన్ను కడుతున్న కావలి ఇంజనీరు భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, యూరోపియన్ పార్లమెంటుకు ఓటు వేయలేడు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారతీయుడు మాత్రం కామన్వెల్త్ పౌరుడిగా అక్కడి పార్లమెంటు ఎన్నికల్లోనే ఓటు వేస్తాడు.

ఏళ్ల తరబడి కాపురమున్నవాడికి యూనియన్ పౌరసత్వం ఇవ్వడమే న్యాయం.