మాటలేని అరగంట

రేడియోవారికి చెవితోనే వ్యవహారము. అట్టి మేము చలనచిత్రమును గూర్చి ముచ్చటింపబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని 'రిఫిఫీ' చెవియొగ్గి చూడవలసిన చిత్రము. ఫ్రెంచి విమర్శకులు 'నల్ల చిత్రములు' అని పేరిడిన నేరగాథల కోవలోనిది. జూల్స్ డాసిన్ 1955లో పారిసులో దీనిని తీసెను.

నలుగురు దొంగలు నగల దుకాణము పై అంతస్తున జొరబడి నేలకు కన్నము వేయుదురు. అది మొదలు ఇంచుమించు అరగంటసేపు మాట లేదు, సంగీతమును లేదు. కన్నముగుండ గొడుగును దించి విప్పుదురు. రాలిన పెళ్లలన్నియు చప్పుడు లేకుండ అందులో పడును. అపాయఘంటను మంటలార్పు నురుగుతో మూగవోవజేయుదురు. జార్జి ఓరిక్ ఈ ఘట్టమునకు సంగీతము కూర్చి, తీరా చిత్రమును చూచిన పిదప, అది లేకుండుటయే మేలని తానే ఒప్పుకొనెనట! అంతటి నిగర్వము కళాకారులలో అరుదు.

నెల్లిమర్ల జనపనార మిల్లులో యంత్రముల హోరు ఎరిగిన శ్రోతలకు ఈ ఘట్టము చప్పున అర్థమగును. మాట చెల్లని చోట చేసైగయే భాష. అచ్చట హోరు వలన, ఇచ్చట భయము వలన. చూచుచుండగా అది దొంగతనమను మాటయే మరతుము. పని చెడకుండిన చాలునని ఊపిరి బిగబట్టుదుము.

ఆ ఏడే మన తెలుగున అన్నపూర్ణవారి తొలి చిత్రము 'దొంగ రాముడు' వెలువడెను. తల్లి మందు కొరకు దొంగిలించిన బాలుని కథ అది. కె.వి. రెడ్డిగారు దొంగ ఏల దొంగయయ్యెనో చెప్పిరి. డాసిన్‌కు ఆ విచారము లేదు. ఆయన మనస్సు వేరొకచోట నున్నది.

1951లో ఎడ్వర్డ్ డిమిట్రిక్ అను తోటి దర్శకుడు అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘము ఎదుట డాసిన్‌ను కమ్యూనిస్టుగా పేర్కొనెను. హాలీవుడ్ తలుపులు మూసికొనెను. కొన్నేండ్లు ఆయన చేతిలో చిత్రమే లేదు. 'రిఫిఫీ'లో సీజరు అను పాత్ర కలదు. పెట్టెలు తెరచుటలో అతడు మేటి. ప్రియురాలికి ఒక్క ఉంగరమిచ్చి జాడ బయటపెట్టును. పట్టుబడి తోటివారి పేరు చెప్పును. నాయకుడు టోనీకి అతడన్న ఇష్టమే. అయినను కట్టుబాటు తప్పినందులకు కాల్చి చంపును.

ఆ సీజరు వేషము, పెర్లో వీటా అను మారుపేరుతో, డాసిన్ తానే ధరించెను.