కాలువ గట్టున పొరుగువాడు

1876లో మొదలైన ధాత కరువుకు ఈ ఏడాదితో 150 ఏళ్లు. పొరుగువాణ్ణి ప్రేమించమన్న బైబిలు ఆజ్ఞకు మన నేల మీద అంతటి గట్టి పరీక్ష మరొకటి నాకు తెలియదు.

ఆ ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. ఇంతకీ పొరుగువాడెవడని ధర్మశాస్త్రం చదివినవాడొకడు నిలదీస్తే, యేసు దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషి కథ చెప్పాడని లూకా రాశాడు. యాజకుడు, లేవీయుడు తప్పుకుని పోయారు. యూదులకు గిట్టని సమరయుడు ఆగి, కట్టు కట్టి, సత్రం ఖర్చు భరించాడు. తర్వాతి పద్దెనిమిది వందల ఏళ్ల వ్యాఖ్యానాలను పక్కన పెట్టి నేరుగా ఒంగోలు వెళ్దాం.

1866లో అక్కడికి చేరిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ దగ్గరికి మొదట అగ్రవర్ణాలవారూ వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం మేం రామన్నారు. క్లౌ మాదిగలవైపే నిలిచాడు. కరువు ముదిరాక బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊళ్లు ఖాళీ చేసుకుని వచ్చినవాళ్లకు మట్టిపని, కూలి దొరికాయి. బోధకులే మేస్త్రీలు. పని ఆపిన వేళల్లో వాళ్లు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా, ఏడాదికి పైగా క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవాడి చేతికి అన్నమూ మతమూ కలిపి ఇస్తే అతనికి కాదనే స్వేచ్ఛ ఉండదు. ఆ స్వేచ్ఛను కాపాడడమే ఆ ఆజ్ఞకు అసలైన అర్థమని నేను నమ్ముతాను. కరువు పనులు ముగిశాక జనం వాళ్లంతట వాళ్లే కదిలారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మారుతూ, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

మన కాలానికి, హైదరాబాద్‌లోని మదీనాగూడ దగ్గరికి వచ్చేసరికి కథ ఇంత సూటిగా సాగదు. కరోనా లాక్‌డౌన్ వేళ, 2020 ఏప్రిల్ 29న సంగారెడ్డి దగ్గర కందిలో, ఐఐటీ భవనాలు కడుతున్న వలస కూలీలు జీతాలు ఇవ్వమని, ఊరికి పంపమని ఆందోళన చేశారు. మే 1 తెల్లవారుజామున మదీనాగూడకు దగ్గర్లోని లింగంపల్లి స్టేషన్ నుంచి దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కూలీలతో కదిలిన మొదటి రైలు అదే. ఆ నెలల్లో హైవే మీద అన్నం పొట్లాలు పంచినవాళ్లున్నారు. పనిమనుషులను గేటు దాటనివ్వని అపార్టుమెంట్లూ ఉన్నాయి. రాని నెలకు కూడా జీతం ఇచ్చినవాళ్లు, కోసేసినవాళ్లు ఒకే అంతస్తులో ఎదురెదురు తలుపుల వెనక ఉన్నారు.