కంట్రోల్‌కూ కమాండ్‌కూ మధ్య

విండోస్ మీద పదేళ్లు పనిచేసిన మనిషి మ్యాక్ ముందు కూర్చుంటే మొదట తడబడేది ఎడమచేతి చిటికెన వేలు. కాపీ చేయాలనుకున్న మరుక్షణం అది కీబోర్డు మూలనున్న కంట్రోల్ మీట మీదికి పోతుంది. సి నొక్కినా ఏమీ జరగదు. మ్యాక్‌లో ఆ పని చేసేది స్పేస్‌బార్ పక్కనున్న కమాండ్ మీట. దాన్ని నొక్కవలసింది బొటనవేలు. పరిచయ పుస్తకాలు ఈ తేడాను ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి: కంట్రోల్ అన్నచోటల్లా కమాండ్ అనుకోండి, కొద్ది రోజుల్లో అలవాటైపోతుంది. చరిత్రను కూడా అంతే క్లుప్తంగా చెబుతారు: షార్ట్‌కట్‌లను యాపిల్ తెచ్చింది, మైక్రోసాఫ్ట్ మీట మార్చి తీసుకుంది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ కమాండ్ అనుకుంటే సరిపోయే సందర్భాలు ఎందుకంత త్వరగా అయిపోతాయో ఈ కథనాలు చెప్పలేవు. ఆ కారణం యాపిల్ కంటే ముందే, టెలిప్రింటర్ల కాలంలో మొదలైంది.

1963లో వెలువడిన ఆస్కీ సంకేత ప్రమాణంలో అచ్చుకు రాని అక్షరాలు కొన్ని ఉన్నాయి. సందేశం ముగిసిందని, గంట మోగించమని, కాగితాన్ని ఒక వరుస జరపమని అవతలి యంత్రానికి చెప్పే సంకేతాలవి. వాటిని పంపడానికి ఏర్పడినదే కంట్రోల్ మీట. ఒక అక్షరంతో కలిపి దాన్ని నొక్కితే ఆ అక్షరం సంఖ్య నుంచి 64 తగ్గుతుంది. సి సంఖ్య 67 కనుక కంట్రోల్-సి అంటే 3, అంటే పాఠం ముగింపు. కంట్రోల్-జడ్ 26, కంట్రోల్-ఎక్స్ 24. అంటే కంట్రోల్ మీట పుట్టింది మనిషి ప్రోగ్రామును ఆదేశించడం కోసం కాదు. తీగ మీదికి ఒక సంకేతాన్ని వదలడం కోసం. తర్వాత వచ్చిన వ్యవస్థలు ఈ సంకేతాలకు తమ అర్థాలు తొడిగాయి. యూనిక్స్ టెర్మినళ్లలో కంట్రోల్-సి నడుస్తున్న పనిని ఆపే మీటగా స్థిరపడింది. కంట్రోల్-జడ్ ఆ పనిని పక్కన నిలబెట్టేదయింది.

తర్వాతి ఘట్టం అందరికీ తెలిసినదే. 1970ల నడుమ జెరాక్స్ పరిశోధనా కేంద్రంలో ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ జిప్సీ అనే ఎడిటర్‌ను తయారుచేసి కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి రూపమిచ్చారు. టెస్లర్ యాపిల్‌కు వెళ్లాక 1983లో లీసా, 1984లో మెకింటాష్ వచ్చాయి. కీబోర్డు కింది వరుసలో పక్కపక్కనే ఉన్న జడ్, ఎక్స్, సి, వి వరుసగా రద్దు, కత్తిరింపు, నకలు, అతికింపు అయ్యాయి. మెకింటాష్ కమాండ్ మీట మీద కనిపించే నాలుగు ముడుల గుర్తు స్కాండినేవియా దేశాల్లో చూడదగ్గ ప్రదేశాలకు పెట్టే బోర్డుల మీదిది. సూసన్ కేర్ దాన్ని ఎంపిక చేశారు. ఈ గుర్తు గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి తరచు జారిపోతుంది: తొలి మెకింటాష్ కీబోర్డులో కంట్రోల్ మీట అసలు లేనేలేదు. అది యాపిల్ కీబోర్డుల మీదికి 1980ల రెండో సగంలో వచ్చింది. అప్పటికే ఆదేశాలన్నీ కమాండ్ చేతిలో ఉన్నాయి. దాంతో టెర్మినల్ సంకేతాల పాత పనికి కంట్రోల్ ఖాళీగా మిగిలింది. మొదట కంట్రోల్ మీట లేకపోవడాన్ని చాలామంది యాపిల్ పొదుపరితనంగానో సౌందర్యదృష్టిగానో చూశారు. ఫలితాన్ని బట్టి చూస్తే అది అర్థాల విభజన.

ఇక వివాదాస్పదమైన కాలం 1987 నుంచి 1992 వరకు. మైక్రోసాఫ్ట్ మెకింటాష్‌ను చూసి నేరుగా నకలు చేసిందనే కథనం ఈ అయిదేళ్లను దాటవేస్తుంది. 1987లో ఐబీఎం తన యంత్రాలన్నిటికీ ఒకే రకమైన వాడుక ఉండాలని కామన్ యూజర్ యాక్సెస్ అనే నియమావళిని ప్రకటించింది. దాని ప్రకారం కత్తిరింపుకు షిఫ్ట్-డిలీట్, నకలుకు కంట్రోల్-ఇన్‌సర్ట్, అతికింపుకు షిఫ్ట్-ఇన్‌సర్ట్, రద్దుకు ఆల్ట్-బ్యాక్‌స్పేస్. సహాయానికి ఎఫ్1, కిటికీ మూయడానికి ఆల్ట్-ఎఫ్4. ఆనాడు ఐబీఎంతో కలిసి ఓఎస్/2 రాస్తున్న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోనూ ఇవే మీటలు పెట్టింది. 1990లో విడుదలై విండోస్‌కు పేరు తెచ్చిన 3.0 వెర్షన్ నోట్‌ప్యాడ్ మెనూలో కనిపించేవి షిఫ్ట్-డిలీట్, కంట్రోల్-ఇన్‌సర్టే. కంట్రోల్-ఎక్స్, సి, వి విండోస్ మెనూల్లోకి 1992 ఏప్రిల్‌లో, 3.1తో వచ్చాయి. మెకింటాష్ వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు.

ఇంత ఆలస్యానికి ఐబీఎం ఒత్తిడి ఒక కారణం. ఆ రెండు సంస్థల దారులు 1990లో వేరుపడటం, ఆ తర్వాత మీటలు మారడం కాకతాళీయమని అనుకోలేం. అయితే ఆ ఒక్క కారణంతో కథ పూర్తికాదు. పీసీ ప్రపంచంలో ఆ నాలుగు అక్షరాలు అప్పటికే వేరే పనుల్లో ఉన్నాయి. 1978లో వచ్చి వ్యాపార కార్యాలయాలను ఏలిన వర్డ్ ప్రాసెసర్ వర్డ్‌స్టార్‌లో కంట్రోల్-ఎక్స్ కింది వరుసకు తీసుకుపోయేది, కంట్రోల్-సి తర్వాతి పుటకు. కంట్రోల్-వి అక్షరాలు చొప్పించే పద్ధతిని మార్చేది, కంట్రోల్-జడ్ తెరను ఒక వరుస జరిపేది. ఈమాక్స్ ఎడిటర్‌లోనూ ఇవే నాలుగు మీటలకు వేరే పనులు. మెకింటాష్ వాడుకరికి ఖాళీ పలక మీద రాసిన అక్షరాలు పీసీ వాడుకరికి నిండిన పలక మీద కొట్టివేసి రాయవలసినవి. ఐబీఎం నియమావళి ఇన్‌సర్ట్, డిలీట్ వంటి అక్షరేతర మీటలను ఎంచుకోవడాన్ని తర్వాతివారు మొద్దుతనంగా చూశారు. కానీ పాత అలవాటు మీద కొత్త అర్థం రుద్దకపోవడం ఆ ఎంపికలోని గుణం. దాన్ని గుర్తించకపోవడం అన్యాయం.

మరి 1992లో అక్షరాలే ఎలా గెలిచాయి? దీనికి అప్లికేషన్ల పాత్ర పెద్దదని చెప్పాలి. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ 1985లో పుట్టింది మెకింటాష్ మీదే. విండోస్‌కు వచ్చింది రెండేళ్ల తర్వాత. పేజ్‌మేకర్‌దీ అదే క్రమం. మ్యాక్ మీద చేయి తిరిగిన ప్రోగ్రాములు తమ మీటలతో సహా విండోస్‌కు తరలాయి. వాటికి కమాండ్ మీట కావాలి. పీసీ కీబోర్డులో అది లేదు. ఆల్ట్ మీటను మెనూలు తెరవడానికి అప్పటికే కేటాయించారు. మిగిలింది కంట్రోల్. ఆ తర్వాత బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆదేశాలకు ఆల్ట్‌ను వాడి, స్పేస్‌బార్ పక్కనున్న మీటతోనే పీసీ మీద పని జరుగుతుందని చూపింది. విండోస్‌కు ఆ దారి మెనూల వల్ల మూసుకుపోయింది.

అంతకు కొద్దిగా ముందే ఐబీఎం కీబోర్డు రూపం కూడా మారింది. పాత పీసీ కీబోర్డుల్లో ఎ అక్షరం పక్కన ఉండే కంట్రోల్ మీట 1980ల నడుమ వచ్చిన 101 మీటల కీబోర్డులో కింది మూలకు వెళ్లింది. దాని చోట్లో క్యాప్స్ లాక్ కూర్చుంది. దీంతో ఎక్కువ పని మీద పడబోతున్న మీట చేతికి మరింత దూరమైంది. నేటి చిటికెన వేలి శ్రమలో మైక్రోసాఫ్ట్ ఎంపికకు ఎంత వాటా ఉందో ఈ జరుగుబాటుకూ అంత ఉంది.

ఆ సంవత్సరాల్లో డాస్ నుంచి విండోస్‌కు మారినవారి కష్టం నేటి వలసదారుల కష్టం కంటే ఎక్కువే. డాస్ మీది వర్డ్‌పర్‌ఫెక్ట్‌లో సహాయానికి ఎఫ్3, విరమణకు ఎఫ్1. కొత్త నియమావళిలో ఎఫ్1 సహాయం, ఎఫ్3 నిష్క్రమణ. ఏ మీట ఏ పనిదో చెప్పే ప్లాస్టిక్ పట్టీని ఫంక్షన్ మీటల దగ్గర పెట్టుకుని పనిచేసిన తరం అది. 1991లో విండోస్‌కు వచ్చిన వర్డ్‌పర్‌ఫెక్ట్ పాత అమరిక, కొత్త అమరిక రెండూ ఇచ్చి ఎంచుకోమంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ తన సహాయ మెనూలోనే వర్డ్‌పర్‌ఫెక్ట్ వాడుకరులకు ప్రత్యేక భాగం పెట్టింది. పాత చేతివాటాన్ని కాపాడే హక్కు ఎవరిదన్న ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లింది. లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్ ఆదేశాల క్రమాన్ని క్వాట్రో ప్రోలో అనుకరించినందుకు బోర్లండ్ మీద లోటస్ దావా వేసింది. అలాంటి ఆదేశాల క్రమం పనిచేసే పద్ధతే గనుక దానికి కాపీరైటు వర్తించదని 1995లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సరిసమానంగా చీలడంతో ఆ తీర్పే నిలిచింది. వేలి అలవాటు ఏ సంస్థ ఆస్తీ కాదనడానికి ఇంతకంటే బలమైన ఆధారం లేదు.

కంట్రోల్ మీద రెండు అర్థాలు పడ్డ ఫలితం లైనక్స్‌లో స్పష్టంగా బయటపడింది. 1990ల చివర పుట్టిన కేడీఈ, గ్నోమ్ డెస్క్‌టాప్‌లు విండోస్ నుంచి వచ్చేవారి కోసం కంట్రోల్-సి, వి తీసుకున్నాయి. కానీ టెర్మినల్ కిటికీలో కంట్రోల్-సి పనిని ఆపాలి. అందుకని అక్కడ కాపీకి షిఫ్ట్‌ను కూడా జతచేశారు. కంట్రోల్-షిఫ్ట్-సి అలవాటైన వేలు బ్రౌజర్‌లో అదే నొక్కితే కాపీకి బదులు వెబ్ డెవలపర్ల పరికరం తెరుచుకుంటుంది. మ్యాక్‌కు ఈ చిక్కు లేదు. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌తో యూనిక్స్ పునాది వచ్చినప్పుడు కాపీకి కమాండ్-సి, ఆపడానికి కంట్రోల్-సి దేని దారిన అది నడిచింది. నెక్స్ట్‌స్టెప్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ వారసత్వంగా కంట్రోల్-ఎ వరుస మొదటికి, కంట్రోల్-ఇ చివరికి తీసుకుపోయే ఈమాక్స్ మీటలు మామూలు పాఠపు పెట్టెల్లో కూడా దక్కాయి.

కంట్రోల్ అన్నచోటల్లా కమాండ్ అనుకోవడం ఎక్కడ విఫలమవుతుందో ఇప్పుడు చూడవచ్చు. విండోస్‌లో హోమ్ మీట వరుస మొదటికి తీసుకుపోతే మ్యాక్‌లో మామూలుగా పత్రం పైభాగాన్ని చూపుతుంది. వరుస మొదటికి పోవాలంటే కమాండ్‌తో ఎడమ బాణం. విండోస్‌లో ఆల్ట్-ట్యాబ్ కిటికీల మధ్య తిప్పుతుంది. మ్యాక్‌లో కమాండ్-ట్యాబ్ అప్లికేషన్ల మధ్య తిప్పుతుంది. ఫైలును ఎంచి ఎంటర్ కొడితే విండోస్ దాన్ని తెరుస్తుంది, మ్యాక్ దాని పేరు మార్చమంటుంది. ఇవి మీటల తేడాలు కావు, కిటికీ అంటే ఏమిటి, అప్లికేషన్ అంటే ఏమిటి అన్న ఊహల్లోని తేడాలు. మనస్తత్వవేత్త చార్లెస్ ఆస్గుడ్ 1949లోనే చెప్పిన సూత్రం ఇక్కడ వర్తిస్తుంది: సందర్భం పాతదే అయి, ఇవ్వవలసిన స్పందన మారితే పాత అభ్యాసం కొత్తదానికి అడ్డుపడుతుంది. పూర్తిగా కొత్త పని నేర్చుకోవడం కంటే పాత పనిని కాస్త వేరుగా చేయడమే కష్టం. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి వాడేవారికి ఈ అడ్డు రోజూ తిరిగి మొదలవుతుంది. వారికి కొద్ది రోజుల హామీ వర్తించదు.

తెలుగు టైపింగ్‌కు ఇందులో ఒక ఊరట, ఒక చిక్కు ఉన్నాయి. 1991 నాటి భారతీయ ప్రమాణంలో చేరిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ ఒకటే. సి మీట మీద మ, వి మీట మీద న, ఎక్స్ మీట మీద సున్న ఎక్కడైనా అక్కడే ఉంటాయి. సిస్టమ్ మారినా అక్షరాల దారి మారదు, ఆదేశాల దారే మారుతుంది. కానీ డీటీపీ కేంద్రాల్లో వాడుకలో ఉన్నది వేరు. అను ఫాంట్లతో స్థిరపడిన అమరికల్లో ఒకదాని పేరు యాపిల్. దాన్ని విండోస్ మీదే నేర్చి, విండోస్ మీదే వాడేవారు ఎందరో. అలాంటివారు యూనికోడ్‌కూ ఇన్‌స్క్రిప్ట్‌కూ మారడం కంట్రోల్ నుంచి కమాండ్‌కు మారడం కంటే ఎన్నో రెట్లు కష్టం. ఈ రెండు మార్పులనూ ఒక్కసారే వారి మీద వేయడం పొరపాటు.

వర్తమానాన్ని మెచ్చుకోవడానికి ఎక్కువ కారణాలు లేవు. విండోస్ 10 నుంచి కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో అక్షరాలు ఎంచి ఉంటే కంట్రోల్-సి నకలు తీస్తుంది, లేకపోతే పనిని ఆపుతుంది. ఒకే మీటకు స్థితిని బట్టి రెండు అర్థాలు ఉండకూడదని టెస్లర్ తన జీవితమంతా వాదించారు. ఆయన తీర్చిదిద్దిన ఆదేశమే ఇప్పుడు అలాంటి స్థితికి చిక్కింది. 2024లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన కోపైలట్ మీట కొన్ని ల్యాప్‌టాప్‌లలో కుడి కంట్రోల్ స్థానాన్ని ఆక్రమించింది. ఎడమ చిటికెన వేలికి ఉన్న ఏకైక సాయం అలా పోయింది. మీటల అర్థాలు మార్చే సాధనాలు, విండోస్‌లో పవర్‌టాయ్స్, మ్యాక్‌లో సెట్టింగులు, కొంతవరకు పనికొస్తాయి. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్‌లను తారుమారు చేసుకున్నవారికి కాపీ సులువవుతుంది. అయితే టెర్మినల్లో పనిని ఆపే చోటు కూడా తారుమారవుతుంది. పైగా మరొకరి యంత్రం ముందు కూర్చున్నప్పుడు ఆ ఏర్పాటు వెంట రాదు. ఒకే యంత్రం మీద పనిచేసేవారికి ఆ సాధనాలు మేలు. పలు యంత్రాల మీద పనిచేసేవారు ప్రతి సిస్టమ్ మీటలను దాని తీరులోనే నేర్చుకోవడం మంచిది.

ఓడిపోయిందనుకున్న 1987 నాటి అమరిక పూర్తిగా పోలేదు. షిఫ్ట్-ఇన్‌సర్ట్ నేటికీ విండోస్‌లోనూ లైనక్స్ టెర్మినళ్లలోనూ అతికింపు పని చేస్తుంది. యాపిల్ కీబోర్డుల మీద ఇన్‌సర్ట్ మీట లేదు.