మిస్సిస్సిపీ యొడ్డున గుంజల యిండ్లు

అమెరికా యనగానే ఆకాశమునంటు మేడలే మనకు స్ఫురించును. బడిలో భూగోళము చెప్పిన దినములలో నేనును ఆ మేడలనే వర్ణించితిని. ఆ దేశపు మట్టిగోడల యిండ్లను గూర్చి నేడు మనవి చేసెదను.

మిస్సౌరి రాష్ట్రమున, మిస్సిస్సిపీ నదికి పడమట, సెయింట్ జెనవీవ్ అను చిన్న పట్టణము కలదు. పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున ఫ్రెంచివారు పల్లపు నేలలో దానిని నెలకొల్పిరి. 1785లో నది పొంగి యూరిని ముంచగా జనులు క్రమముగా మెట్టకు తరలిరి. పొలములు మాత్రము పల్లముననే నిలిచెను. ఆ పెద్ద బయలును సన్నని పట్టీలుగా పంచుకొనిరి. అన్నిటికిని కలిపి కంచె యొక్కటే! తన వంతు కంచెను బాగుచేయనివాడు ఊరికి జవాబు చెప్పవలసియుండెను.

ఇండ్ల నిర్మాణము వినదగినది. సీడరు గుంజలను చెక్కి, దగ్గరదగ్గరగా నిలువున నేలలో పాతి, సందులలో గడ్డి కలిపిన మట్టిని కూరి, పైన సున్నము పూసెడివారు. వాన గోడను తాకకుండ వెడల్పయిన పంచలు దింపిరి. పాతిన కొయ్య చివికిపోవును గదా యని మీరడుగవచ్చును. నిజమే. కావుననే కొందరు రాతి పునాదిపై దూలము పరచి, దానిపై గుంజలు నిలిపిరి. 1792 ప్రాంతపు బొల్డూక్ గృహమట్టిది. నేలలో పాతిన గుంజల యిండ్లు ఉత్తర అమెరికాయందంతట నేటికి మిగిలినవి అయిదేయని చెప్పుదురు. అందు మూడు ఈ యూరివే.

1993లో నది మరల విజృంభించినపుడు ఊరివారును, దూరమునుండి వచ్చిన సహాయకులును ఇసుక సంచులతో కట్టలు పోసి పాత వీథులలో చాలభాగమును కాపాడిరి. పిమ్మట శాశ్వతమైన కట్ట వెలసెను.

ఇండ్ల చక్కదనమునే పొగడి యూరకుండుట నాకు న్యాయముగ తోపదు. ఆ పొలములందును, ఆ సంపన్న గృహములందును చాకిరి చేసినవారిలో పెక్కుమంది బానిసలు. 1792లో బోవే యను ధనికుడు కట్టించిన గుంజల యింటిని చూడుడు. బానిసగ పుట్టి విముక్తినొందిన పెలజీ యను స్త్రీ, అమరూ అను ఫ్రెంచివానిని పెండ్లాడెను. అట్టి వివాహములు చెల్లవని 1835లో మిస్సౌరి శాసనము పలికినను వారు విడిపోలేదు. 1852లో ఆ యిల్లే వారిదయ్యెను. ఆమె యచట అంగడి నడపెను. 2020లో ఏర్పడిన జాతీయ చారిత్రకోద్యానమున ఆ యిల్లును చేరినది. దానినిప్పుడు కట్టించినవాని పేరకంటె అమరూ వారి యిల్లనియే ఎక్కువగ పిలుచుచున్నారు.