కోరంగీ

ఫిల్మ్‌నగర్‌లో పాతకాలపు సముద్ర సాహసకథ అల్లేవాళ్లు కరీబియన్ దాకా పోనక్కర్లేదు. ‘కోరంగీ’ అన్న ఒక్క మాట చాలు. బర్మాలో తెలుగువాళ్లకు ఆ పేరు పడింది కాకినాడ పక్కనున్న కోరంగి రేవు వల్లే. అక్కడా, తాళ్లరేవులోనూ తెరచాప ఓడలు కట్టేవారు. 1839 నవంబరు ఉప్పెన రేవును ముంచేసినా పేరు మాత్రం అవతలి ఒడ్డున బతికింది.

బర్మా వెళ్లింది కూలీలే కదా, సాహసమెక్కడ అనవచ్చు. 1930 మేలో రంగూన్ రేవులో సమ్మె కట్టింది ఈ కోరంగీలే. వాళ్ల బదులు పెట్టిన బర్మా కూలీలను సమ్మె ముగియగానే తీసేశారు. దాంతో అల్లర్లు చెలరేగి ఎందరో తెలుగువాళ్లు హతమయ్యారు. పొట్ట చేతబట్టుకుని బంగాళాఖాతం దాటిన ఆ కూలీయే, నా దృష్టిలో, అసలు కథానాయకుడు.